నా భయం రోడ్డంతా లేదు, నాలుగు చోట్ల ఉంది

సంపాదకుల గారికి నమస్కారం.

నేను హైదరాబాద్‌ బోడుప్పల్‌లో ఉంటాను, హబ్సిగూడలో ఒక చిన్న ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఏడాదిన్నరగా వారంలో నాలుగు రోజులైనా సైకిల్ మీదే ఆఫీసుకు వెళ్తున్నా. ఎనిమిది కిలోమీటర్లు ఉంటుంది, ఆ ట్రాఫిక్‌లో బైక్ మీద పోయినా ఓ పది నిమిషాలే తేడా. షుగర్ అంచు మీద ఉందని డాక్టర్ చెప్పాక మొదలుపెట్టాను, ఇప్పుడు రెండు రోజులు తొక్కకపోతే ఒళ్లు బరువుగా అనిపిస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. ఈ ఉత్తరం మాత్రం పొద్దున ఏడున్నరకు, సైకిల్ ఎక్కకముందు, నాకు వచ్చే టెన్షన్ గురించి.

ఎవరికైనా చెప్పుకోవాలంటే చాలా రోజులు సిగ్గేసింది. సీటు అందని వయసులోనే నాన్న సైకిల్ కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నవాణ్ని, నలభై దాటాక సైకిల్‌కు భయపడుతున్నానంటే ఎలా ఉంటుంది? కానీ నిజం అదే. టైర్‌లో గాలి ఉందని తెలిసినా మళ్లీ బొటనవేలితో నొక్కి చూస్తాను. బ్రేకులు ఒకసారి చూసి, చెప్పులు వేసుకుని, మళ్లీ వచ్చి చూస్తాను. కడుపులో తిప్పినట్టుంటుంది, ప్లేట్‌లో ఇడ్లీ సగం మిగిలిపోతుంది. ఒక్కో రోజు ఆకాశం వంక చూసి వాన పడితే బాగుండు, ఇవాళ బస్సులో పోవచ్చు అనుకుంటాను. మా ఆవిడ వద్దని ఎప్పుడూ అనలేదు, గేటు దగ్గర నిలబడి "చేరాక మెసేజ్ పెట్టు" అంటుంది అంతే, ఆ ఒక్క మాటకే గుండె ఇంకాస్త గట్టిగా కొట్టుకుంటుంది.

ఇది నాలోని పిరికితనమా, లేక రోడ్డులోనే ఏదన్నా ఉందా అని తేల్చుకోవాలనిపించింది. లెక్కలు రాసే అలవాటు కాబట్టి ఒక నెల రోజులు, రోజూ ఆఫీసుకు చేరగానే, దారిలో ఎక్కడెక్కడ చెయ్యి బ్రేకు మీద బిగుసుకుందో చిన్న పుస్తకంలో రాసుకుంటూ పోయాను. నెలాఖరుకు చూస్తే ఆశ్చర్యమేసింది. మా కాలనీ రోడ్లలో ఒక్కసారి కూడా లేదు. ఎనిమిది కిలోమీటర్లలో దాదాపు ప్రతిరోజూ అవే నాలుగు చోట్లు.

మొదటిది వరంగల్ హైవే మీదికి ఎక్కాక ఉప్పల్ డిపో దాటేదాకా. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగింది, ఆ దారిన తిరిగినవాళ్లకు దుమ్ము, గుంతలు, స్తంభాల పక్కన ఇరుకు గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. రోడ్డు ఇరుకైన చోట కారువాడు పక్కకు జరగలేడు, నేనూ జరగలేను, వెనక హారన్ మాత్రం మోగుతూనే ఉంటుంది. రెండోది ఉప్పల్ రింగ్‌రోడ్డు చౌరస్తా. సిగ్నల్ పడ్డాక నేరుగా పోవాలి నేను, కానీ నా ఎడమ పక్క నుంచి ఫ్రీ లెఫ్ట్‌లో బళ్లు ఆగకుండా వస్తూనే ఉంటాయి, వాటికి అడ్డంగా నేను దాటాలి.

మూడోది ఎన్‌జీఆర్‌ఐ దగ్గర బస్టాప్. కిందటి ఆగస్టులో అక్కడ జరిగింది ఇంకా మర్చిపోలేకపోతున్నా. స్టాపులో ఆటో ఒకటి ఆగి ఉంది, దాన్ని తప్పించుకుందామని వెనక్కి చూసి కొంచెం కుడికి వచ్చాను, అంతలో ఒక సిటీ బస్సు నన్ను దాటి స్టాపు కోసం ఎడమకు తిరిగింది. డ్రైవర్‌కు నేను కనిపించి ఉండకపోవచ్చు, ఆయన తప్పని కూడా అనను, ఆయన స్టాపులో ఆపాలి, ఆటో అక్కడే ఉంది. ఆటోకు, బస్సుకు మధ్య నేను. పడిపోకుండా కుడి చెయ్యి చాపితే అరచేయి బస్సు రేకుకు ఆనింది. వేడిగా ఉంది, ఇంజన్ అదురు భుజం దాకా వచ్చింది. అలా రెండు మూడు సెకన్లు. తర్వాత బస్సు ఆగింది, నేనూ ఆగాను, ఎవరికీ ఏమీ కాలేదు. ఆఫీసుకు వెళ్లి చెయ్యి కడుక్కుంటుంటే వేళ్లు వణుకుతున్నాయి. సాయంత్రం సైకిల్ అక్కడే వదిలేసి బస్సులో ఇంటికొచ్చాను, నాలుగు రోజులు దాని దగ్గరికి పోలేదు. ఇంట్లో టైర్ పంక్చర్ అని చెప్పాను.

నాలుగోది హబ్సిగూడ చౌరస్తాకు ముందు, దాని సంగతి చివర్లో చెప్తాను.

ఈ మధ్య ఒక ఆదివారం స్నేహితుడి కారులో సైకిళ్లు పెట్టుకుని అవుటర్ రింగ్‌రోడ్డు పక్కన ఉన్న సైకిల్ ట్రాక్‌కు వెళ్లాం, అదే 2023 అక్టోబరులో ప్రారంభించినది, పైన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్లు. నార్సింగి నుంచి కొల్లూరు వైపు గంటకు పైగా తొక్కాను. చాలా బాగుంది, కట్టినవాళ్లను మెచ్చుకోవాలి. ఆ గంటలో ఒక్కసారి కూడా కడుపులో తిప్పలేదు, మెడ తిప్పి వెనక్కి చూడాలన్న ఆలోచనే రాలేదు. అదే సైకిల్, అదే మనిషి. అప్పుడే నాకు తేలిపోయింది, భయం నాలో లేదు. కానీ ఆ ట్రాక్ మీద తొక్కడానికి నేను కారులో పోవాల్సి వచ్చింది. పనికి పోయేవాడి దారి మీద మాత్రం మీటరున్నర చోటు కూడా సైకిల్‌కు లేదు.

సైకిల్ మీద పనికి పోయేవాళ్లు ఎంతమందిలే అనుకుంటారు. 2011 జనాభా లెక్కల్లో, వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాకుండా ఇతర పనులు చేసేవాళ్లు పనికి ఎలా వెళ్తున్నారని అడిగారు. దేశం మొత్తం మీద సుమారు 13 శాతం సైకిల్ మీద అని చెప్పారు, అప్పట్లో స్కూటర్లు, బైకుల మీద వెళ్లేవాళ్ల కన్నా కాస్త ఎక్కువే. ఆ తర్వాత చాలామంది బైకులు కొనుక్కుని ఉంటారు, ఒప్పుకుంటాను. కానీ పొద్దున ఆరింటికి ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర నిలబడి చూడండి. తాపీ పనికి పోయే మేస్త్రీలు, పాలు వేసేవాళ్లు, పేపర్ వేసే పిల్లలు, నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్లు కనిపిస్తారు. మీ పేపర్ మా గుమ్మం ముందు పడేది కూడా సైకిల్ మీద నుంచే. వీళ్లెవరూ ఒంటి కోసం తొక్కడం లేదు. నాకు భయమేస్తే బస్సెక్కుతాను, మరి వీళ్లు?

మా ఆఫీసు వాచ్‌మన్ రామంతాపూర్ నుంచి పన్నెండేళ్లుగా సైకిల్ మీదే వస్తున్నాడు. బస్సు సంగతి జరిగిన తర్వాత ఒకరోజు "నీకు భయం కాదా అన్నా" అని అడిగాను. "ఎందుక్కాదు సార్, రోజూ అయితది. మా ఇంటామెకు బస్సు ఫ్రీ, నాకు టికెట్ పెట్టాలె. రోజూ బస్సెక్కితే నెలకు ఎంతైతది?" అన్నాడు. ఆయన వెనక మడ్‌గార్డ్‌కు ఎర్ర రేడియం స్టిక్కర్లు వరుసగా అతికించి ఉన్నాయి, వాటి మీద దుమ్మును రోజూ తుడుస్తాడట. పన్నెండేళ్లలో ఆయన్ని ఈ మాట ఎవరూ అడగలేదట, నేను కూడా నా చెయ్యి బస్సుకు తగిలాకే అడిగాను. ఆ సంగతి తల్చుకుంటే బాధేస్తుంది.

ఉప్పల్ రింగ్‌రోడ్డులో రోడ్డు దాటలేక నడిచేవాళ్లు పడే అవస్థ చూసి 2023లో స్కైవాక్ కట్టారు. ఇప్పుడు మా అత్తయ్య కూడా ఒక్కతే అవతలికి వెళ్లొస్తుంది. అంటే ఎక్కడ భయమో కనిపెట్టి అక్కడ పని చెయ్యడం మన అధికారులకు తెలుసు. సైకిల్ కోసం అంత ఖర్చు కూడా అక్కర్లేదు. ఫ్రీ లెఫ్ట్‌కు ముందు ఒక స్పీడ్ బ్రేకర్, సిగ్నల్ దగ్గర గీతకు ముందు సైకిళ్లు ఆగడానికి కాస్త చోటు, బస్టాప్‌లో ఆటోలు ఆగకుండా చూడటం. ఎడమ పక్కన సైకిళ్లకు మీటరున్నర వదలగలిగిన చోట వదలండి, కానీ ఊరికే పెయింట్‌తో గీత గీసి వదిలేస్తే మన దగ్గర తెల్లారేసరికి దాని మీద కార్లు పార్క్ చేసి ఉంటాయి, మధ్యలో చిన్న దిమ్మెలైనా పెట్టాలి. వీధి దీపం గురించి, గుంత గురించి ఫిర్యాదు చేసినట్టే, సైకిల్ తొక్కేవాళ్లు ఫలానా చోట భయంగా ఉందని చెప్పుకునే వీలుంటే ప్రతి ఒక్కరి దగ్గరా నా దగ్గర ఉన్నట్టే ఒక జాబితా బయటపడుతుంది. మీ పేపర్ అయినా పాఠకుల్ని అడిగి ఆ జాబితా వేస్తే సంతోషిస్తాను.

పేపర్‌కు ఉత్తరం రాస్తున్నానని చెప్పి, నీ మాటగా ఏం రాయమంటావని వాచ్‌మన్ అన్నను అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు. ట్రాక్ కావాలనో, ఇంకేదో కావాలనో అనలేదు. హబ్సిగూడ చౌరస్తాకు ముందు ఎడమ అంచున వాన నీళ్లు పోవడానికి ఇనుప జాలీ ఉంది, నా పుస్తకంలో నాలుగో చోటు అదే. దాని కడ్డీలు రోడ్డు పొడవునా ఉన్నాయి, సన్న టైరు సరిగ్గా మధ్యలో దిగిపోతుంది. రాత్రి డ్యూటీకి వచ్చేటప్పుడు అది కనిపించదు, దాన్ని తప్పించబోతే వెనక బళ్లు. "ఆ జాలీని ఊడబీకి అడ్డంగ తిప్పి పెట్టమని రాయుండ్రి సార్, గంట పని" అన్నాడు.

ఇట్లు,
సైకిల్ మీద పనికి వెళ్లే ఒక పాఠకుడు,
బోడుప్పల్