రెండేళ్లకు అమ్ముడైన నాగలి

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి రాలేదు. వేరుశెనగ కాయలు వలిచే మిషన్లు మూడు చేసి షెడ్డులో పెడితే ఆరు నెలలైనా ఒక్కటీ గడప దాటలేదన్నావు. తమ్ముడు లెక్కల పుస్తకం నీ ముందు పడేసి వెళ్లిపోయాడన్నావు. చివర్లో "మూసేయమంటావా?" అని అడిగావు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పేంత వాణ్ని కాదురా. లేత్‌కీ డ్రిల్లింగ్ మిషన్‌కీ తేడా నాకు తెలిసిందే నీ షెడ్డులో. కానీ ఈ మధ్య కిర్లోస్కర్ వాళ్ల కథ చదువుతున్నాను, చదువుతున్నంతసేపూ నువ్వే గుర్తొచ్చావు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. తీరిగ్గా కూర్చుని చదువు.

కిర్లోస్కర్ అంటే నీకూ నాకూ పొలంలో డుక్కుడుక్కుమనే ఆయిల్ ఇంజనే కదా. అది ఒక ఇంటిపేరని కూడా మనకి తెలీదు. ఇంజన్‌కే ఆ పేరు అనుకునేవాళ్లం.

ఆ ఇంటిపేరుని మిషన్లకెక్కించినవాడు లక్ష్మణరావు కిర్లోస్కర్. 1869లో బెళగావి ప్రాంతంలో పుట్టాడు. బడి చదువు ఒంటబట్టలేదు, బొమ్మలంటే ఇష్టం, మిషన్లంటే ఇంకా ఇష్టం. బొంబాయి వెళ్లి జె.జె. ఆర్ట్ స్కూల్లో చేరాడు. అక్కడ తేలిన సంగతేంటంటే, ఆయన కంటికి కొన్ని రంగులు సరిగ్గా ఆనవు. బొమ్మలేసేవాడికి అంతకంటే శాపం ఏముంటుంది చెప్పు! దాంతో రంగులు వదిలి, రంగుల అవసరం లేని మెకానికల్ డ్రాయింగ్ పట్టుకున్నాడు. అక్కడే విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో టీచరయ్యాడు. తనకి రావాల్సిన ప్రమోషన్ ఒక ఆంగ్లో ఇండియన్‌కి ఇచ్చేసరికి ఉద్యోగం వదిలేసి ఇంటిదారి పట్టాడు.

ఈలోగా అన్న రామూఅన్నతో కలిసి బెళగావిలో సైకిళ్ల వ్యాపారం నడుస్తూనే ఉంది. తమ్ముడు బొంబాయిలో సైకిళ్లు కొని పంపేవాడు, అన్న ఇక్కడ అమ్మేవాడు. సైకిలెక్కడం నేర్పినందుకు మళ్లీ వేరే ఫీజు! సర్వీస్ ఛార్జీ అనేది మనం అనుకునేంత కొత్తదేం కాదన్నమాట. 1888లో పెట్టిన ఆ సైకిల్ షాపు నుంచే కంపెనీ వాళ్లు తమ వయసు లెక్కపెట్టుకుంటారు.

సైకిళ్ల తర్వాత పశువులకి చొప్ప ముక్కలు కొట్టే మిషన్. ఆ తర్వాత ఇనుప నాగలి. ఇక్కడ కాస్త నిదానంగా చదవరా, నీ సంగతి ఇక్కడే ఉంది.

మన చెక్క నాగలి చాలు తీస్తుంది గానీ మట్టిని తిరగెయ్యదు. పైపైన గీరుతూ పోతుంది. లోతుగా వేళ్లు దిగిన కలుపు అలాగే ఉండిపోతుంది. ఇనుప నాగలికి వంపు తిరిగిన రేకు ఉంటుంది. కోసిన మట్టిపెళ్ల ఆ వంపు మీదుగా పైకెక్కి బోర్లా పడుతుంది. అడుగు మట్టి ఎండకి వస్తుంది, పైన గడ్డి కిందకి పోయి కుళ్లుతుంది. విదేశాల నుంచి వచ్చిన ఇలాంటి నాగళ్లు చూసి, మన ఎడ్లకీ మన నేలకీ తగ్గట్టు చేద్దామనుకున్నాడు లక్ష్మణరావు. చేశాడు. బాగా వచ్చింది.

ఎవరూ కొనలేదు.

ఇనుము తగిలితే భూమిలో విషం దిగుతుందని రైతుల నమ్మకం. నాకైతే ఇక్కడ నవ్వాగలేదు. తరతరాలుగా వాళ్లు వాడే చెక్క నాగలి కర్రు ఇనుపదే కదా! కానీ ఆ మాట అని గెలిచినవాడు ఎవడున్నాడు? రైతు కర్రు గురించి ఆలోచించడం లేదు. పంట పోతే వచ్చే ఏడాది తిండెట్లా అని ఆలోచిస్తున్నాడు. నాగలి చేసినవాడికి పోయేది ఇనుము, పట్టినవాడికి పోయేది ఏడాది. ఈ లెక్క అర్థమయ్యాక నాకు ఆ రైతుల మీద నవ్వు పోయింది. నీ మిషన్ చూసి తల ఊపి వెళ్లిపోయే వాళ్ల మీద నీకున్న కోపం కూడా ఒకసారి ఈ లెక్కలో వేసి చూడు.

మొదటి నాగలి అమ్మడానికి లక్ష్మణరావుకి రెండేళ్లు పట్టిందట. రెండేళ్లు! నువ్వు ఆరు నెలలకే నాకు ఉత్తరం రాశావు.

ఆ అమ్మకాలు కాస్త కుదుటపడేసరికి ఇంకో దెబ్బ. ఆయన వర్క్‌షాపు ఉన్న జాగా కావాలని, ఖాళీ చేయమని బెళగావి మునిసిపాలిటీ వాళ్లు అన్నారు. మిషన్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలీని పరిస్థితి. అప్పట్లో ఆయన చేతిలో ఔంధ్ సంస్థానంలో ఒక కట్టడం పని ఉండేది. అక్కడి పాలకుడు బాలాసాహెబ్ పంత్ ప్రతినిధి సంగతి తెలుసుకుని 32 ఎకరాల నేల, పది వేల రూపాయల అప్పు ఇప్పించాడు. 1910లో కుండల్ రోడ్ అనే చిన్న రైల్వే స్టేషన్ దగ్గర అన్నదమ్ములు కాలు పెట్టారు. ఆ నేల ఎలా ఉందంటే నాగజెముడు పొదలు, వాటి మధ్య తాచుపాములు. నీళ్లు కూడా లేవు. దాదాపు పాతికమంది పనివాళ్లు పెళ్లాంపిల్లలతో సహా వచ్చి ఆ పొదలు కొట్టి ఇళ్లు కట్టుకున్నారు. ఆ ఊరే కిర్లోస్కర్‌వాడి. చివరికి రైల్వే స్టేషన్ పేరు కూడా అదే అయింది.

ఆ ఊరి కథలో నాకు బాగా నచ్చిన సంగతి ఫ్యాక్టరీ కాదు, కాపలా. జైలుకెళ్లొచ్చిన వాళ్లని రాత్రి కాపలాకి పెట్టుకున్నాడు లక్ష్మణరావు. ఊళ్లో అంటరానితనం వద్దన్నాడు. ఆ రోజుల్లో ఇవి మాటలతో అయ్యే పనులా? నాగలి విషయంలో జనాన్ని ఒప్పించిన ఓపికే ఇక్కడా పనికొచ్చి ఉంటుందని నా ఊహ.

పనులు పంచుకున్న తీరు చూడు, నీకూ తమ్ముడికీ గొడవ వచ్చింది ఇక్కడే కాబట్టి చెప్తున్నా. ఊరి నిర్వహణ అన్న రామూఅన్నది. మిషన్ల పని శంభూరావు జంభేకర్‌ది. లెక్కలు మంగేశ్‌రావు రేగే చూసేవాడు, ఆయన ఇంటివాడు కూడా కాదు. అనంతరావు ఫళ్నీకర్ అని ఇంకొకాయన చదువు మధ్యలో మానేసినవాడు, కానీ బుర్రంతా మిషన్లే. అంటే మిషన్ చేసినవాడు, లెక్క రాసినవాడు ఒకరు కాదు. మరి మీ షెడ్డులో? మిషన్ నీదే, బేరం నీదే, పద్దు మాత్రం తప్పొచ్చినప్పుడు తమ్ముడిది. కోపం తెచ్చుకోకు, ఉన్నమాటే అన్నాను.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. బయటి నుంచి పోత ఇనుము రావడం ఆగిపోయింది, బొగ్గు కరువైంది, రంగులు దొరకలేదు. ఇనుము కరిగించి పోత పోసే ఫౌండ్రీ ఆగితే ఊరే ఆగిపోతుంది. బొగ్గుకి బదులు తుమ్మ కట్టెలు వాడారు. రంగు సొంతంగా తయారు చేసుకున్నారు. ఇనుమంటావా, సంస్థానాల కోటల్లో తుప్పు పట్టి పడున్న పాత ఫిరంగులు తెచ్చి కరిగించారు. ఫిరంగి పోయి నాగలి కావడం! ఎవరైనా కవిత్వంలో రాస్తే అతి అనేవాళ్లం.

1920లో కిర్లోస్కర్ బ్రదర్స్ లిమిటెడ్ కంపెనీ అయింది. అదే ఏడు ఇంట్లోవాడే శంకర్‌రావు కిర్లోస్కర్ ఒక పత్రిక మొదలుపెట్టాడు. మొదట కంపెనీ కబుర్ల కోసం పెట్టిందే, తర్వాత అసలు సిసలు మరాఠీ మాసపత్రికగా ఎదిగింది. 1930లో ఆడవాళ్ల కోసం 'స్త్రీ' అని ఇంకోటి తెచ్చారు. నాగళ్ల కంపెనీకి పత్రికలెందుకురా అంటావేమో. నాకూ మొదట అలాగే అనిపించింది. కొత్త వస్తువు కొనాలంటే కొత్త ఆలోచనకి తలుపు తెరిచిన ఇల్లు కావాలి కదా. అది తెలిసే చేశారో, సరదాకి చేశారో గానీ పని మాత్రం జరిగింది. అన్నట్టు, వాళ్లు చేసిన సామాను జాబితాలో వేరుశెనగ కాయలు వలిచే మిషన్ కూడా ఉంది. నిజంగా! అది చదివాకే ఈ ఉత్తరం మొదలెట్టాను.

లక్ష్మణరావు కొడుకు శంతనురావు అమెరికాలో ఎం.ఐ.టి.లో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి 1926లో పట్టా పుచ్చుకున్నాడు. తిరిగొచ్చి ఆ నాగళ్ల ఊళ్లోనే పనిలో చేరాడు. కంపెనీ పంపులు చేయడం మొదలైంది కూడా ఆ రోజుల్లోనే. 1941లో తుంగభద్ర ఒడ్డున హరిహర్‌లో ఇనుము చెక్కే లేత్ మిషన్ల ఫ్యాక్టరీ, 1946లో పుణెలో ఆయిల్ ఇంజన్లు, బెంగళూరులో ఎలక్ట్రిక్ మోటార్లు. మన పొలం డుక్కుడుక్కుకి పుట్టిల్లు పుణె అన్నమాట.

ఇంత జరిగాక 1948. గాంధీగారిని చంపిన గాడ్సే బ్రాహ్మణుడు కావడంతో, ఆ హత్య తర్వాత ఆ ప్రాంతంలో బ్రాహ్మణుల ఇళ్ల మీద, ఆస్తుల మీద అల్లరిమూకలు పడ్డాయి. కిర్లోస్కర్‌లూ బ్రాహ్మణులే. కిర్లోస్కర్‌వాడి ఫ్యాక్టరీని తగలబెట్టారు. నాగజెముడు కొట్టి కట్టుకున్నదంతా! అంటరానితనం వద్దన్న ఊరికే ఆ గతి. ఇక్కడ పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. వాళ్లు మాత్రం మళ్లీ కట్టారు. లక్ష్మణరావు 1956లో పోయాడు, ఆ మళ్లీ కట్టడం చూశాకే.

తర్వాతి కథ పెద్ద కంపెనీల కథే, నాకంత ఆసక్తి లేదు. 1962లో అమెరికా కంపెనీ కమిన్స్‌తో కలిసి డీజిల్ ఇంజన్లు, శంతనురావుకి 1965లో పద్మభూషణ్, చివర్లో టొయోటాతో పొత్తు. ఆ పొత్తులో మాత్రం ఒక ముచ్చట ఉంది. టొయోటా వాళ్లు కూడా మొదట్లో మగ్గాలు చేసిన కుటుంబమే. వీళ్లిద్దరూ 1995లో కలిసింది కూడా నేత మిషన్ల కోసమే, కార్ల కంపెనీ రెండేళ్లకి వచ్చింది. నాగళ్ల ఇల్లూ మగ్గాల ఇల్లూ వియ్యమందినట్టు!

అంతా బాగుందని మాత్రం అనుకోకు. హరిహర్ లేత్ ఫ్యాక్టరీ మూతపడింది. కుటుంబం కొమ్మలు కొమ్మలుగా చీలింది. ఇప్పటి తరం అన్నదమ్ములు ఆస్తుల పంపకాల మీద కోర్టుకెక్కారు, 2021లో సుప్రీంకోర్టు మధ్యవర్తి ద్వారా తేల్చుకోవచ్చేమో చూడమంది. అన్న అమ్మితే తమ్ముడు కొనుక్కొచ్చిన సైకిల్ షాపు నుంచి అక్కడిదాకా వచ్చింది మరి.

సరే, నీ సంగతి. మూసేయాలో వద్దో నేను చెప్పలేను గానీ మూడింట్లో ఒక మిషన్‌ని షెడ్డులోంచి బయటికి తీయరా. ఎవరో ఒక రైతుకి ఈ సీజను మొత్తం ఊరికే వాడుకోమని ఇవ్వు. చెడితే నువ్వే వెళ్లి బాగుచెయ్యి. దాని లెక్క తమ్ముణ్ని రాయమను, నువ్వు పెన్ను ముట్టుకోకు. మొన్న ఫోన్‌లో జల్లెడ దగ్గర పప్పు పగులుతోందన్నావే, అది బాగైందా లేదా రాయలేదు. పైనెల రెండో ఆదివారం నేనొస్తున్నాను. ఓ బస్తా కాయలు తెప్పించి ఉంచు, నేనే తిప్పి చూస్తాను. ఈ ఉత్తరం తమ్ముడికి కూడా చదివి వినిపించు, నిన్ను తిట్టిన చోట కాస్త గట్టిగా.

ఉంటా మరి,
నీ బావ