మోకాళ్ళ పర్వతం మొక్కు గురించి అక్కకి

కాల్గరీ, ఫిబ్రవరి 26

అక్కా,

మోకాలి ఆపరేషన్ అయినప్పట్నుంచీ వీడియో కాల్‌లో మొహం ఒక్కటే చూపించి "బానే ఉన్నా, నడిచేస్తున్నా" అని పెట్టేస్తున్నానని నీకు అనుమానమొచ్చిందట, మీ మరదలు చెప్పింది. అనుమానం కరెక్టే. నీ పక్కన అమ్మ ఉంటుంది, స్పీకర్ ఆన్‌లో ఉంటుంది, నేనేం చెప్పినా సాయంత్రానికి మన వీధి చివరిదాకా వెళ్ళిపోతుంది. అందుకే రాస్తున్నా. నీకో పని కూడా అప్పగించాలి, అది ఆఖర్న చెప్తా.

ముందు ఒకటి తేల్చేద్దాం. నా ఎముక విరగలేదు. పుత్తూరు కట్టుతో పోయేదానికి వీడు అక్కడ కోయించుకున్నాడని పెద్దమామయ్య అంటున్నాడట కదా, ఆయనకి చెప్పు, కట్టు కడితే అతుక్కునేది ఎముక, నాకు తెగింది మోకాలి లోపల తొడ ఎముకనీ కాలి ఎముకనీ పట్టి ఉంచే లిగమెంట్, ఏసీఎల్ అంటారు. జూన్‌లో ఆ టెన్నిస్ బాల్ మ్యాచ్‌లో రెండో పరుగు కోసం వెనక్కి తిరిగా, షూ నేలకి పట్టేసినట్టు అక్కడే ఉండిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది, లోపల టప్‌మని శబ్దం నాకే వినిపించింది. అవతలివాడు రావద్దు రావద్దని అరుస్తూనే ఉన్నాడు. ఆ పరుగు రాలేదు కూడా, రనౌట్.

డాక్టర్ ఏం చేశాడంటే, మోకాలి చిప్ప కింద ఉండే టెండన్ అనే గట్టి నార మధ్యలోంచి, రెండు కొసలకీ చిన్న చిన్న ఎముక ముక్కలతో సహా ఒక పట్టీ కోసి తీసి, దాన్నే లోపల కొత్త లిగమెంట్‌గా పెట్టి స్క్రూలు బిగించాడు. అంటే పాడైన చోట ఒక గాయం, శుభ్రంగా ఉన్న చోట ఇంకో గాయం. ఈ రెండో గాయం సంగతి గుర్తుపెట్టుకో, నీ పనికి అదే ఆధారం.

పొద్దున ఆపరేషన్, సాయంత్రానికి ఇంటికి పంపేశారు. తొడ దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు కాబట్టి నొప్పే లేదు, ఇంతేనా అనుకుని ఇచ్చిన మాత్ర కూడా వేసుకోకుండా హీరోలా పడుకున్నా. రాత్రి మూడింటికి మత్తు దిగింది. నేను పెట్టిన కేకకి పాప లేచి ఏడుపు, మీ మరదలు 811కి ఫోన్ చేస్తే (ఇక్కడ ఏ వేళప్పుడైనా నర్సు మాట్లాడుతుంది) ఆవిడ నిమ్మళంగా, నొప్పి మొదలయ్యాక కాదమ్మా, మత్తు దిగకముందే మాత్ర వేయాలి అంది. అది డిశ్చార్జి కాగితంలో రాసే ఉంది. చదవలేదు. ఆ తర్వాత బుద్ధిగా మాత్రలేసుకుంటే వాటి దెబ్బకి నాలుగు రోజులు కడుపు కదల్లేదు, ఆ బాధ ముందు మోకాలే నయమనిపించింది, ఇది మాత్రం బావగారికి కూడా చెప్పకు.

అసలు భయం నొప్పి వల్ల కాదక్కా. రెండో రోజు ఫిజియో అమ్మాయి "పడుకుని తొడ బిగించు" అంది. బిగించా. ఏమీ అవ్వలేదు. కరెంటు పోయిన ఇంట్లో స్విచ్ వేస్తున్నట్టుంది. మోకాలు వాచి ఉన్నప్పుడు తొడ కండరానికి వెళ్ళాల్సిన ఆదేశాన్ని ఒళ్ళే తొక్కిపెడుతుందట, అందరికీ అవుతుంది, కంగారు పడకు అంది. 36 ఏళ్ళు నేను చెప్పిందల్లా విన్న కాలు ఇప్పుడు ఎవరిదో అన్నట్టు మంచం మీద పడి ఉంటే కంగారు పడకుండా ఎలా ఉంటాం? కరెంటు పెట్టే చిన్న మెషీన్ తొడకి తగిలించి, పది రోజులకి కాస్త కదలిక తెప్పించింది. ఈలోపు తొడ సన్నబడిపోయింది, టేపుతో కొలిస్తే ఎడమది కుడిదానికంటే 4 సెంటీమీటర్లు తక్కువ.

ఫోన్ చేసిన వాళ్ళందరూ "వంగుతోందా" అనే అడిగారు. మొదటి నెల అసలు గొడవ వంచడం కాదు, చాపడం. పూర్తిగా నిటారుగా చాచలేక ఓ 5 డిగ్రీలు మిగిలిపోయినా నడకలో కుంటు ఉండిపోతుంది. అందుకని మడమ కింద దుప్పటి చుట్ట పెట్టుకుని, మోకాలి మీద 2 కిలోల బియ్యం సంచి పెట్టి రోజుకి మూడుసార్లు పది నిమిషాలు అలా ఉండాలి. సోనామసూరే, ఇక్కడ మొలగొలుకులు ఎక్కడ దొరుకుతాయి. ఆ పది నిమిషాలూ గోడ గడియారం చూస్తూ పళ్ళు బిగపట్టి ఉంటే పాప పక్కన కూర్చుని "నాన్నా, రైస్ ఉడికిందా?" అనేది.

నాలుగో వారంలో సైకిల్. కదలని సైకిలే, జిమ్‌లోది. రోజూ ముందుకి సగం, వెనక్కి సగం ఊపడమే, పైకొచ్చేసరికి మోకాలు పట్టేసేది. ఒకరోజు పెడల్ పూర్తిగా తిరిగిపోయింది. నేను "అయ్యిందీ!" అని తెలుగులోనే అరిచా. పక్క సైకిల్ మీద ఒక పెద్దావిడ, డెబ్బై పైనే ఉంటాయి, రెండు మోకాళ్ళూ మార్పించుకుందట, నాకు చప్పట్లు కొట్టింది. నేను చిన్నప్పుడు మొదటిసారి పట్టుకోకుండా తొక్కినప్పుడు నువ్వు వెనకాల పరిగెత్తుకుంటూ అరిచావు చూడు, దాదాపు అంత సంతోషం. ఆవిణ్ణి చూసినప్పుడల్లా అమ్మే గుర్తొస్తుంది. పీట మీంచి లేవడానికి అమ్మ గోడ పట్టుకుంటోందన్నావు, ఎక్స్‌రే తీయించావా?

ఆ సంతోషంలోనే చెడింది. ఐదో వారం ఆఫీసుకి వెళ్ళా. కోసింది ఎడమ కాలు, కారు ఆటోమేటిక్, కాబట్టి డ్రైవింగ్‌కి ఇబ్బంది లేదు. ఈ ఊళ్ళో బిల్డింగులన్నిటినీ కలుపుతూ రోడ్డు మీద 15 అడుగుల ఎత్తున అద్దాల వంతెనలుంటాయి, ప్లస్ 15 అంటారు, బయట ఎంత చలి ఉన్నా లోపల వెచ్చగా కిలోమీటర్ల కొద్దీ నడవొచ్చు. మంచిది కదా అని చంకకర్ర ఒకటి పట్టుకుని మధ్యాహ్నమంతా నడిచేశా. రాత్రికి మోకాలు కొబ్బరికాయ. వారం రోజులు వెనక్కి వెళ్ళిపోయా, 110 డిగ్రీల దాకా వంగేది 90 దగ్గర ఆగిపోయింది. ఫిజియో తిట్టలేదు. మోకాలికి ఇవాళ ఏం చేశావో రేపు పొద్దున జవాబిస్తుంది, ఆ జవాబు చూసి తర్వాతి అడుగు వెయ్యి అంది. అప్పట్నుంచి లేవగానే కాఫీకంటే ముందు వాపు చూసుకోవడం అలవాటైంది.

ఇంకోటి, ఇది అమ్మకి అసలు తెలియకూడదు. ఇక్కడ చలికాలంలో చినూక్ అని రాకీ కొండల మీంచి వేడిగాలి దిగుతుంది, పొద్దున మైనస్ 15 ఉన్నది మధ్యాహ్నానికి ప్లస్ 6 అయిపోతుంది, మంచు కరిగి నీళ్ళు పారతాయి, రాత్రికి అవే నీళ్ళు అద్దంలా గడ్డకడతాయి. ఏడో వారంలో చెత్త బుట్ట బయట పెడదామని వెళ్ళి జారా. చంకకర్ర కింద మంచు కోసం ముల్లు ఉంటుంది, అది దించుకోవడం మర్చిపోయా. పడలేదు, కారు పట్టుకుని ఆగా, కానీ మోకాలు ఒక్కసారి మెలితిరిగినట్టయింది. పెట్టిన పట్టీలోకి కొత్తగా రక్తనాళాలు పాకే సమయం అది, అప్పుడే అది బాగా బలహీనంగా ఉంటుందట. పైకి బాగున్నట్టుంటుంది, లోపల పచ్చిగా ఉంటుంది. డాక్టర్ చూసి ఏం కాలేదనేదాకా మూడు రోజులు నిద్ర లేదు.

అక్కణ్ణుంచి ఓ పది రోజులు నేను మనిషిలా లేను. మీ మరదలు ఆఫీసు పని చూసుకుని, పాపని స్కూల్లో దింపి, వంట చేసి, వంగి నా కాలికి సాక్సు తొడుగుతుంటే థాంక్స్ చెప్పాల్సింది పోయి "అలా కాదు" అని విసుక్కున్నా. ఆమె ఏమీ అనలేదు, రెండో సాక్సు నా చేతిలో పెట్టి లేచి వెళ్ళిపోయింది. అది వేసుకోవడానికి నాకు పావుగంట పట్టింది.

ఇప్పుడు ఎలా ఉందంటే, మెట్లు మామూలుగా ఎక్కుతున్నా, దిగేటప్పుడు ఇంకా రెయిలింగ్ పట్టుకుంటున్నా. 130 వంగుతోంది. పొద్దున లేస్తే తుప్పు పట్టిన తలుపులా ఉంటుంది, ఓ గంటకి వదులవుతుంది. కుట్ల పక్కన అరచేతంత మేర సబ్బు రాసినా తెలియదు, తిమ్మిరి, కొంత అలాగే ఉండిపోవచ్చన్నారు. పరిగెత్తడం ఇంకో నెలకో రెండు నెలలకో, అదీ కాలి బలం పరీక్ష పాసైతే. క్రికెట్ మాటైతే 9 నెలలు నిండేదాకా ఎత్తొద్దన్నారు, రెండు కాళ్ళ బలం దాదాపు సమానమవ్వాలట.

ఇక నీ పని. అమ్మ మొక్కుకుందట. అలిపిరి నుంచి నన్ను నడిపిస్తానని మొక్కితే పర్లేదు, 3,550 మెట్లు, వచ్చే ఏడాదికి ఎక్కేస్తా. కానీ మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళ మీదే ఎక్కిస్తానని మొక్కిందట! నాకు చిప్ప కింద కోసి తీశారని చెప్పా కదా, సరిగ్గా ఆ చోటే మోకాలు ఆనుతుంది. పరుపు మీద మోకరిల్లితేనే లోపల మేకు దిగినట్టుంది, రాతి మెట్టు మీద నా వల్ల కాదు. ఇలా కోయించుకున్న వాళ్ళలో కొందరికి ఏళ్ళ తరబడి ఆ నొప్పి ఉంటుందట. రామానుజులవారు ఎక్కారంటే ఆయన వేరు.

మొక్కు మార్చుకోవచ్చేమో మన గుడి పంతులుగారిని అడుగు. తలనీలాలు ఇస్తా, ఎలాగూ సగం పోయాయి. తులాభారం మాత్రం వద్దు, మూడు నెలలు కూర్చుని తిని 6 కిలోలు పెరిగా, బెల్లం ఖర్చు అమ్మకే. నల్లేరు పొడి పంపుతానంటోంది, అది ఎముకలకమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా వినట్లేదు, వద్దను. ఉలవచారు సీసాలైతే రెండు పంపు.

ఎప్పుడైనా నొప్పి లేకుండా మోకాళ్ళ మీద కూర్చోగలిగితే ముందు నీకే వీడియో తీసి పంపుతా. అమ్మకి చూపించకు, చూసిందంటే ఆ సాయంత్రానికే నాకు టికెట్ కొనేస్తుంది.

నీ తమ్ముడు