వార్షిక నివేదిక 2025: ఏ యాప్ వాడమని చెబుదాం?

సభ్యులందరికీ నమస్కారం.

ఎవరైనా మార్పులు చేయగల ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మన ఊళ్లు, వీధులు చేర్చే పని ఈ ఏడాదీ ఆగకుండా సాగింది. శిక్షణ తరగతులు జరిగాయి, ఊరి పేర్లను తెలుగు లిపిలో చేర్చే పని ముందుకెళ్లింది. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. అన్నిటికంటే ఎక్కువసేపు మాట్లాడుకున్న విషయం ఒకటుంది కాబట్టి, ఈసారి నివేదికలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాం: సంఘం పేరు మీద మనం ఏ యాప్‌లను, ఏ టూల్స్‌ను సిఫారసు చేయాలి?

ఒక్కో తరగతిలో ఒక్కొక్కరు తమకు అలవాటైనదే చెబుతుండటంతో కొత్తవాళ్లు తికమకపడుతున్నారు. పైగా సిఫారసు అన్నాక పూచీ కూడా మనదే. ఒకప్పుడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వెబ్‌సైట్‌లో ఎడిటింగ్ అంటే పాట్‌లాచ్. అది ఫ్లాష్ అనే పాత బ్రౌజర్ సాఫ్ట్‌వేర్ మీద నడిచేది. 2013లో దాని స్థానంలోకి ఐడీ ఎడిటర్ వచ్చింది. 2020 చివర్లో ఫ్లాష్ మూతపడటంతో బ్రౌజర్‌లో పాట్‌లాచ్ కథ పూర్తిగా ముగిసింది. రేపు మనం చెప్పిన యాప్ ఆగిపోతే జనం వచ్చి అడిగేది మనల్నే.

కొలబద్దల కోసం దూరం వెళ్లలేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ముందు పేజీలో సైకిల్ మ్యాప్, ట్రాన్స్‌పోర్ట్ మ్యాప్ లాంటివి బయటివాళ్లు తయారుచేసినవే. వాటికి అక్కడ చోటివ్వాలంటే ప్రపంచమంతా చూపించాలి, వాడేవాళ్ల తాకిడి తట్టుకోవాలి, ఉన్నవాటిలో లేనిదేదో చూపించాలి. మేం మనకు తగ్గట్టు మార్చుకున్నాం: చేసిన మార్పు మ్యాప్‌లోకి సభ్యుడి సొంత ఖాతా పేరుతోనే వెళ్లాలి, కోడ్ అందరికీ అందుబాటులో ఉండాలి, నడిపేవాళ్లెవరో తెలియాలి, మనలో కనీసం ఒకరు దాన్ని రోజూ వాడుతూ ఉండాలి. చివరి షరతు చిన్నదిగా కనిపిస్తుంది కానీ, సగం పేర్లు అక్కడే రాలిపోయాయి.

కొత్తవాళ్లకు మొదటి సిఫారసు స్ట్రీట్‌కంప్లీట్. ఆండ్రాయిడ్ ఫోన్ పట్టుకుని వీధిలో నడుస్తుంటే ఈ యాప్ తనంతట తానే ప్రశ్నలు అడుగుతుంది: ఈ రోడ్డు తారుదా, మట్టిదా? ఈ షాపు ఎన్నింటికి తెరుస్తారు? ట్యాగులు, అంటే మ్యాప్‌లో వివరాలు రాసే సంకేతాలు, నేర్చుకునే టెన్షన్ లేదు. అయితే తరగతిలో ఒక్కమాట చెప్పాల్సిందే. ఈ బిల్డింగ్‌కు ఎన్ని అంతస్తులని అడిగినప్పుడు మనవాళ్లు 'జీ ప్లస్ 2' కదా అని 2 కొట్టేస్తున్నారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గ్రౌండ్ ఫ్లోర్ కూడా లెక్కే, అక్కడ 3 అని ఇవ్వాలి.

కంప్యూటర్ మీద చేసేవాళ్లకు ఐడీ. కంప్యూటర్ మీదే నడిచే మరో ఎడిటర్ జేఓఎస్‌ఎంను మాత్రం మన సిఫారసుల పోస్టర్ మీద వేయలేదు. దానంత శక్తి మరో ఎడిటర్‌కు లేదని పాత సభ్యులు గట్టిగా వాదించారు, నిజమే. కానీ మొదటి రోజే దాన్ని చూపిస్తే రెండో రోజు మనిషి రాడు. అందుకే ఆరు నెలలు మ్యాపింగ్ చేసినవాళ్లకు విడిగా నేర్పుతాం.

అసలు గొడవ ర్యాపిడ్ దగ్గర. మెటా తయారుచేసిన ఈ ఎడిటర్, ఉపగ్రహ చిత్రాల నుంచి ఏఐ పసిగట్టిన రోడ్లను తెర మీద చూపిస్తుంది. నచ్చితే ఒక్క క్లిక్‌తో చేర్చేయొచ్చు. కోడ్ ఓపెన్, పని వేగం. కానీ పై నుంచి చూస్తే చెరువు కట్టా దారిలాగే ఉంటుంది, పొలం గట్టూ దారిలాగే ఉంటుంది. వాటిలో ఏది బండి పోయే డొంకో, ఏది మనిషి మాత్రమే నడిచే గట్టో ఆ ఊరివాడికే తెలుసు. అలాంటి గట్టును రోడ్డుగా పెడితే, దాన్ని నమ్మి బయల్దేరిన ఆటో మధ్యలో ఇరుక్కుంటుంది. కాబట్టి ర్యాపిడ్‌ను నిషేధించలేదు, ప్రచారమూ చేయం. ఊరు తెలిసిన సభ్యులు తమ మండలం వరకు వాడుకోవచ్చు.

మ్యాప్ చూడటానికి, దారి వెతకడానికి ఓఎస్ఎంఆండ్‌ను ఉంచాం. సెట్టింగులు మరీ ఎక్కువన్న ఫిర్యాదు ఉంది, దానికి మన దగ్గర మందు లేదు. అలాంటిదే మరో యాప్ ఆర్గానిక్ మ్యాప్స్ విషయంలో మాత్రం తేల్చలేదు. దాన్ని నడిపే పద్ధతి మీద వచ్చిన విభేదాలతో కొందరు వాలంటీర్లు 2025లో విడిపోయి, అదే కోడ్‌తో కోమ్యాప్స్ మొదలుపెట్టారు. మనలోనూ రెండు పక్షాలున్నాయి. నా మట్టుకు నాకు, వాలంటీర్లకు నిర్ణయాల్లో మాట ఉన్నచోటే మన పేరు ఉండాలనిపిస్తుంది. పాత యాప్ ఇప్పటికే ఫోన్లలో ఉన్నవాళ్లను మార్చమనడం ఎందుకన్నది అవతలి వాదన. సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడతాం.

చిన్నచిన్న మ్యాప్ సవరణ పనులు అందించే మ్యాప్‌రూలెట్, సొంత మ్యాప్ తయారుచేసుకునే యూమ్యాప్‌ల మీద ఎవరికీ అభ్యంతరం లేదు, సిఫారసుల పట్టికలో చేరాయి. ఇకపై ప్రతి జనవరిలో పట్టికను మళ్లీ చూస్తాం. ఐఫోన్‌లో ఎడిటింగ్‌కు గో మ్యాప్, ఎవ్రీ డోర్ యాప్‌లు రెండూ పరిశీలనలో ఉన్నాయి. కమిటీలో అందరివీ ఆండ్రాయిడ్ ఫోన్లే, మన నాలుగో షరతు ప్రకారం రోజూ వాడి చూసే మనిషి కావాలి. ఐఫోన్ ఉన్న సభ్యులు సమావేశంలోపు కార్యదర్శికి పేరు ఇవ్వగలరు.