దంతపు బంతులు, డేవిస్ క్యూ: తప్పుడు ధ్రువపత్రంపై ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

మీ ఆన్‌లైన్ వేలంలో నేను కొన్న బిలియర్డ్స్ లాటులో మూడు బంతులు, ఒక క్యూ (బంతిని కొట్టే కర్ర), ఇత్తడి ముళ్లున్న స్కోరు బోర్డు ఉన్నాయి. బోర్డుతో నాకు పేచీ లేదు. బంతులు ఏనుగు దంతపువనీ, క్యూ 1920ల నాటిదనీ మీ ధ్రువపత్రంలో రాసింది మాత్రం తప్పు. పాత వస్తువుల వ్యాపారంలో పొరపాట్లు జరుగుతాయి, ఒప్పుకుంటాను. ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నది పొరపాటు జరిగినందుకు కాదు, ఆ మాట వినే మనిషి మీ సంస్థలో ఒక్కరూ దొరకనందుకు.

మొదట ఫోనెత్తినావిడ ఫోటోలు అడిగారు, పంపాను. తర్వాత మాట్లాడినాయన అవే ఫోటోలు మళ్లీ అడిగారు, పాతవి తమ తెర మీద కనబడవట. బంతి మీద కంపెనీ స్టిక్కరు ఉందా అని కూడా అడిగారు. ఆయనకు తెలియకపోవడం ఆయన తప్పు కాదు. తెలిసినవాళ్ల దాకా నా మాట చేరనివ్వకపోవడం మీ తప్పు. ఆ పైవారు "సర్టిఫికెట్ మా నిపుణులు ఇచ్చింది సార్, మార్చడం కుదరదు" అన్నారు. ఆ నిపుణులెవరంటే చెప్పరు, వారితో మాట్లాడించమంటే లైను కట్. ఆ సాయంత్రమే "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజీ వచ్చింది. మళ్లీ ఫిర్యాదు పెడితే, వాపసు గడువు దాటిపోయిందన్నారు. ఆ గడువు కరిగిపోయింది మీ వాళ్ల జవాబు కోసం ఎదురుచూడటంలోనే కదా!

వీటన్నిటినీ మించింది ఇంకొకటుంది. చివరగా మాట్లాడినాయన, బంతి దంతమో కాదో తేల్చడానికి సూదిని ఎర్రగా కాల్చి బంతికి గుచ్చి, ఆ వీడియో పంపమన్నారు. ఆ బంతులు సెల్యులాయిడ్‌వి. సెల్యులాయిడ్ అంటే నైట్రోసెల్యులోజ్, కర్పూరం కలిపి చేసే పదార్థం. కాల్చిన సూది తగిలితే భగ్గుమంటుంది. ఇంట్లో పిల్లలున్న కొనుగోలుదారు ఎవరైనా ఆయన మాట నమ్మి ఉంటే ఏమయ్యేది? నిజమైన దంతమే అయినా ఆ పరీక్ష వస్తువును పాడుచేస్తుంది. దయచేసి ఈ సలహా ఇంకెవరికీ ఇవ్వవద్దని మీ సిబ్బందికి ఈరోజే చెప్పండి.

అవి దంతం కాదని తేల్చడానికి సూది అక్కర్లేదు. దంతపు బంతిని ఏనుగు కొమ్ము మధ్య భాగం నుంచి తరిణె పడతారు కాబట్టి, రెండు ధ్రువాల దగ్గరా కొమ్ము లోపలి నరం ఆనవాలు చుక్కగా కనబడాలి. ఆ చుక్క చుట్టూ ఒకదాన్నొకటి కోసుకుపోయే సన్నని వంపు గీతలుండాలి. పది రెట్లు పెంచి చూపే భూతద్దం చాలు. ఈ మూడింటిలో చుక్కా లేదు, కోసుకునే గీతలూ లేవు. రెండో పరీక్ష కొలత. దంతం ఏళ్లు గడిచేకొద్దీ నిలువుకన్నా అడ్డంగా ఎక్కువ కుంచించుకుపోతుంది, అందుకే పాత దంతపు బంతి గుండ్రంగా మిగలదు. వెర్నియర్ కాలిపర్స్‌తో నాలుగైదు దిక్కుల్లో కొలిస్తే తేడా దొరుకుతుంది. ఇవి ఎటు కొలిచినా ఒక్కటే. అరచేతుల మధ్య గట్టిగా రుద్ది వాసన చూస్తే కర్పూరం. మీ పత్రం బరువు ఒక్కదాన్నే నమ్ముకుంది. ఆ కాలపు కృత్రిమ బంతుల్లో పొడులు కలిపి దంతం బరువుకు తెచ్చేవారు, కాబట్టి తక్కెడ ఇక్కడ సాక్ష్యం కాదు. పైగా మీరు వాటిని ప్లాస్టిక్ కవర్లో బిగించి, స్కోరు బోర్డు పెట్టెలోనే పంపారు. పాతబడిన సెల్యులాయిడ్ ఆమ్లపు ఆవిర్లు వదులుతుంది. ఇత్తడి ముళ్ల మీద అప్పుడే పచ్చ చిలుము మొదలైంది.

క్యూ సంగతి ఇంకా తేలిక. "1920ల నాటిది, చేత్తో అతికినది" అని రాశారు. బట్ (క్యూ లావు చివర) మీదున్న స్నూకర్ ఆటగాడు జో డేవిస్ బ్యాడ్జిపై 147 బ్రేక్, అంటే స్నూకర్‌లో ఒకే విడతలో కొట్టిన 147 పాయింట్ల ప్రస్తావన ఉంది. డేవిస్ ఆ 147 కొట్టింది 1955 జనవరి 22న, లండన్‌లోని లెస్టర్ స్క్వేర్ హాల్లో. బ్యాడ్జి తర్వాత పెట్టారేమోనని అది కూర్చున్న గుంత అంచులు కూడా చూశాను. కొత్త జిగురు లేదు, పాలిష్ చెదరలేదు. చేత్తో అతికిన స్ప్లైస్ (రెండు కర్రల అతుకు) మొనలు గుండ్రంగా తిరిగి, ఎత్తుల్లో కొంచెం హెచ్చుతగ్గులతో ఉంటాయి. ఇక్కడ నాలుగూ సూటిగా, ఒకే ఎత్తులో, వాడిగా ఉన్నాయి. అది యంత్రం పని. క్యూ మంచిదే, కానీ మీరు చెప్పినది కాదు.

ఇంకో మాట మీ న్యాయవిభాగానికి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో వచ్చిన సవరణ మన ఏనుగు దంతం వ్యాపారాన్ని, 1991 సవరణ దిగుమతి చేసుకున్న ఆఫ్రికా దంతం వ్యాపారాన్ని నిషేధించాయి. అంటే మీ పత్రం నిజమైతే మీరు అమ్మింది నేరం, అబద్ధమైతే మీరు అమ్మింది మోసం. ఈ ముక్క చెప్పినప్పుడు మీ ఏజెంటు నాకు తర్వాతి కొనుగోలు మీద డిస్కౌంటు కూపన్ ఇస్తానన్నారు.

ఏళ్ల తరబడి మీ దగ్గరే కొన్నాను, తోటి సేకర్తలనూ మీ వైపు పంపాను. ఆ నమ్మకాన్ని కాపాడుకోవాలని మీకు అనిపించలేదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఈ ఉత్తరానికి ఒక మనిషి పేరుతో, సంతకంతో జవాబు రావాలి. ధ్రువపత్రం రద్దు చేసి, పూర్తి సొమ్ము, రానుపోను రవాణా ఖర్చులు ఇవ్వండి. అదే "దంతం" పేరుతో ఇప్పటికీ మీ సైట్లో కనబడుతున్న మిగతా లాట్లు తీసేయండి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఊరుకోను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను, మీ ధ్రువపత్రం నకలు అటవీశాఖకు కూడా పంపిస్తాను.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు