రిజర్వేషన్ సీటని చిన్నబుచ్చుకోకు

చిరంజీవి బుజ్జమ్మకు, అమ్మ ఆశీర్వదించి రాసేది.

మన పంచాయతీ ఈసారి మహిళలకు రిజర్వు అయిందని, నిన్ను సర్పంచిగా నిలబడమంటున్నారని మామయ్య చెప్పాడు. "కోటాలో వచ్చే పదవి నాకెందుకు, గెలిస్తే అందరితో పోటీపడి గెలవాలి" అన్నావట. నీ అభిమానం నాకు తెలుసు. అయినా ఇది ఫోనులో తేలే మాట కాదని రాస్తున్నాను.

నాగాలాండ్‌లో రానో షైజా అని ఒక నాయకురాలు ఉండేవారు. 1928లో పుట్టారు. భారత్ నుంచి నాగాలకు స్వాతంత్ర్యం కావాలన్న ఉద్యమానికి నేత ఫిజో ఆమెకు మేనమామ. 1952లో దేశమంతా తొలి సార్వత్రిక ఎన్నికలు జరుగుతుంటే ఆయన బహిష్కరణకు పిలుపునిచ్చాడు. నాగా కొండల్లో జనం ఆ ఎన్నికల వైపు కన్నెత్తి చూడలేదు. ఆ తర్వాత ఆయన లండన్‌లో ప్రవాసానికి వెళ్లాడు, 1990లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. అలాంటివాడి మేనకోడలు 1977లో అదే ఢిల్లీ పార్లమెంటుకు పోటీ చేసింది! ఎంత ఆలోచించి ఉంటుందో, ఇంటాబయటా ఎన్ని ప్రశ్నలు ఎదుర్కొని ఉంటుందో అనిపిస్తుంది నాకు.

రాష్ట్రమంతటికీ ఒక్కటే లోక్‌సభ స్థానం. ఎదుట ఉన్నది మాజీ ముఖ్యమంత్రి, కాంగ్రెస్ అభ్యర్థి హోకిషే సెమా. ఆమె ప్రాంతీయ పార్టీ యునైటెడ్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున నిలబడి ఆయన్ను ఓడించింది. నువ్వు కోరుకునే గెలుపు అచ్చంగా ఇదే కదా. కోటా లేదు, ఎవరి దయా లేదు.

మరి తర్వాత ఏమైందో చూడు. నాగాలాండ్ నుంచి రెండో మహిళ పార్లమెంటులో అడుగుపెట్టింది 2022లో, అదీ రాజ్యసభకు. శాసనసభ సంగతి ఇంకా దారుణం. 1964లో తొలి ఎన్నికలు జరిగితే, మొదటి మహిళా ఎమ్మెల్యేలు వచ్చింది 2023లో. హెకాని జఖాలు, సల్హౌతుఓనుఓ క్రూసె ఇద్దరూ ఒకేసారి గెలిచారు. క్రూసె మెజారిటీ ఎంతనుకున్నావు? ఏడు ఓట్లు! రానో షైజా 2015లో కన్నుమూశారు, ఆ రోజు చూడనేలేదు.

అక్కడి ఆడవాళ్లు చదువులో, కష్టంలో ఎవరికీ తీసిపోరు. కానీ ఊరి పెద్దల సభల్లో వాళ్లకు తరతరాలుగా చోటు లేదు. రాజ్యాంగంలో మన తెలుగువాళ్లకు 371-డి అధికరణం ఉన్నట్టే వాళ్లకు 371-ఎ ఉంది, నాగా ఆచార చట్టాలకు రక్షణగా. పట్టణ సంస్థల్లో మహిళలకు 33 శాతం కేటాయించడం ఆ ఆచారాలకు విరుద్ధమంటూ 2017లో పెద్ద గొడవ లేచింది. కోహిమాలో మున్సిపల్ కార్యాలయాన్ని తగలబెట్టారు, ముఖ్యమంత్రి దిగిపోయాడు. చివరికి ఇరవై ఏళ్ల విరామం తర్వాత, 2024లో, ఆ కోటాతోనే ఎన్నికలు జరిగాయి.

ఒక్కతే ఎంత గొప్పగా గెలిచినా దారి పడలేదమ్మా. మన దగ్గర పంచాయతీల్లో సగం మనవే అయ్యాయంటే చట్టం వల్లే. ఆ సీట్లలో కూర్చుని మొగుడి చేత సంతకాలు పెట్టించేవాళ్లున్నారు, నిజమే. సిగ్గుపడాల్సింది దానికి, కోటాకు కాదు.

ఇంటి పన్ను బకాయి నాన్న నిన్ననే కట్టేశారు, రసీదు బీరువాలో పెట్టాను. కుల ధ్రువీకరణ పత్రం నీ దగ్గరే ఉందేమో చూసుకో. శుక్రవారం రాత్రి బస్సుకు బయలుదేరితే నామినేషన్‌కు వ్యవధి ఉంటుంది. నిన్ను బలపరుస్తూ సంతకం చేస్తానని పక్కింటి సుబ్బమ్మత్త తనంతట తానే వచ్చి చెప్పింది.

ఆశీస్సులతో,
అమ్మ