హిందీ పరీక్షలో ఈసారి మాట్లాడటానికీ మార్కులు

తల్లిదండ్రులకు నమస్కారం.

హిందీ పేపర్లు ఇంటికి పంపిన దగ్గర్నుంచీ ఫోన్లు వస్తున్నాయి. మా వాడు విజువల్ లెర్నర్ మేడమ్, అంటే చూసి నేర్చుకునే రకం, డిక్టేషన్ పెడితే ఎలా రాస్తాడు, వాడికి వేరే పేపర్ ఇవ్వకూడదా అని. ఆన్‌లైన్ క్విజ్‌లో అలా వచ్చిందట.

వేరే పేపర్ ఇవ్వం. బొమ్మలు చూడటం ఒకరికి, వినడం ఒకరికి ఇష్టం కావచ్చు, కానీ ఆ 'స్టైల్'కి తగ్గట్టు చెబితే ఎక్కువ వస్తుందనడానికి సరైన ఆధారం లేదని పాష్లర్, మరో ముగ్గురు సైకాలజిస్టులు 2008లోనే రాశారు. పైగా విని అర్థం చేసుకోవడం భాషలో భాగమే కదా, అది తీసేస్తే మిగిలేది సగం పరీక్షే.

అయినా మీ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. పరీక్ష పెట్టే తీరు మారితే మార్కులూ మారతాయి. ఇజ్రాయెల్‌లో ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లల మీద షోహామీ అనే పరిశోధకురాలు 1984లో ప్రచురించిన పని ఒకటుంది. చదవాల్సిన పాఠం అదే, కొందరికి ఆప్షన్లు ఇచ్చారు, కొందరిని సొంతంగా రాయమన్నారు, ప్రశ్నలు కొందరికి ఇంగ్లీషులో, కొందరికి హీబ్రూలో. ఆప్షన్లు ఉన్నవాళ్లకి, సొంత భాషలో ప్రశ్నలు వచ్చినవాళ్లకి పరీక్ష తేలికైంది.

మన హైదరాబాద్‌లో దీన్ని రోజూ చూస్తున్నాం. ఇంట్లో దక్కనీ మాట్లాడే పిల్ల షాపులో, బస్సులో, ఆటోలో హిందీ గడగడా మాట్లాడేస్తుంది, పేపర్లో మాత్రం 'ముఝే' రాయాల్సిన చోట 'మేరేకు' రాసి మార్కులు పోగొట్టుకుంటుంది. వ్యాసం బట్టీ పట్టి ముత్యాల్లాంటి అక్షరాలతో దించేసిన వాడికేమో బోలెడు మార్కులు, నీ పేరేంటి అని హిందీలో అడిగితే నోరు పెగలదు! ఇద్దరిలో ఎవరికి హిందీ వచ్చినట్టు? పాత పేపర్ని అడిగితే రెండోవాడికే అంటుంది, నాకది నచ్చలేదు.

అందుకే ఆరు నుంచి ఎనిమిది తరగతులకు మా స్కూల్ పరీక్షల్లో హిందీ మార్కుల్ని వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం నాలుగింటికీ పంచుతున్నాం. చదివి జవాబిచ్చే భాగంలో కొన్ని ఆప్షన్లు, కొన్ని సొంత వాక్యాలు ఉంటాయి, సూచనలు తెలుగులోనూ ఇస్తాం. మాట్లాడేటప్పుడు 'మేరేకు' అన్నందుకు మార్కులు కోయం, రాసేటప్పుడు కోస్తాం. పదో తరగతి బోర్డు పరీక్ష మన చేతిలో లేదు కాబట్టి తొమ్మిది నుంచి పాత పద్ధతే.

మోడల్ పేపర్ పిల్లల డైరీలో పెట్టి పంపుతున్నాం. డౌట్లుంటే శనివారం పేరెంట్స్ మీటింగ్‌లో హిందీ టీచర్‌ని అడగండి.

మీ హెడ్‌మిస్ట్రెస్