వార్షిక నివేదిక 2024–25: ఎదిగే కుక్కపిల్లల కాళ్లు, కీళ్లు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఏడాదికి ఒక్క విషయం గట్టిగా పట్టుకుని పనిచేద్దామని మన సంఘం కిందటి సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. టీకాల శిబిరం, దీపావళి టపాసుల జాగ్రత్తలు, సిరిమాను జాతర రద్దీలో తప్పిపోయిన కుక్కల వెతుకులాట ఎప్పటిలాగే నడిచాయి. వాటికి సభ్యులు ఇచ్చిన సాయానికి కార్యవర్గం కృతజ్ఞతలు చెబుతోంది. ఈ ఏడాది ప్రధానంగా పెట్టుకున్న పని మాత్రం ఎదిగే కుక్కపిల్లల కాళ్లు. నెలవారీ సమావేశాల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న అదే: “పిల్లకి కాళ్లు వంకరొచ్చేస్తన్నాయండి, కేల్షియం ఏటి వెయ్యమంటారు?”

ఈ ప్రశ్నకు జవాబు ఒక్కటి కాదు. ఒక ఇంట్లో కాల్షియం వెంటనే ఆపమనాలి, ఇంకో ఇంట్లో దాన్ని డాక్టరు గారి లెక్క ప్రకారం కలపమనాలి. రెండు ఇళ్లలోనూ పిల్ల కాళ్లు చూడటానికి ఒకేలా ఉంటాయి. విజయనగరంలో కుక్క పెంచే ప్రతి ఇంటికీ ఇది తెలియాలన్నదే ఈ ఏడాది మన ప్రయత్నం.

ఒకే వంకర, ఎదురెదురు కారణాలు

వర్షాకాలంలో పెట్టిన ఉచిత పరీక్షల రోజున రెండు పిల్లలు పక్కపక్కనే కూర్చున్నాయి. ఒకటి కంటోన్మెంట్ వైపు నుంచి వచ్చిన నాలుగు నెలల లాబ్రడార్. మంచి పప్పీ ఫీడ్ తింటోంది. దానిపైన రోజూ రెండు పూటలా కాల్షియం సిరప్, పొడి, పెరుగు. రెండోది దాసన్నపేటలో వీధి నుంచి ఒక కుటుంబం చేరదీసిన పిల్ల. దానికి పాలల్లో నానబెట్టిన బిస్కెట్లు, అన్నంలో చికెన్ ముక్కలు. రెండింటికీ ముందరి మణికట్లు ఉబ్బి, పాదాలు బయటికి తిరిగి ఉన్నాయి. రెండు కుటుంబాలూ ప్రేమలో ఏమీ తక్కువ చెయ్యలేదు.

ఎముక పొడవు పెరిగేది దాని చివర్ల దగ్గర ఉండే గ్రోత్ ప్లేట్ల వద్ద. అక్కడ మెత్తటి మృదులాస్థి పుడుతూ, వెనకనుంచి గట్టిపడి ఎముకగా మారుతూ ఉంటుంది. పుట్టినప్పుడు అరకిలో కూడా తూగని లాబ్రడార్ ఏడాది తిరిగేసరికి పాతిక, ముప్పై కిలోలవుతుంది. ఆ వేగంలో ఈ మార్పు ఎక్కడ తడబడినా కాలు దారి తప్పుతుంది. పెద్ద జాతుల్లో ఈ ప్లేట్లు పూర్తిగా మూసుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. బాగా భారీ జాతుల్లో ఇంకా ఆలస్యం కావచ్చు.

మొదటి పిల్ల సంగతి చూద్దాం. ఎదిగిన కుక్క పేగు తనకు అక్కర్లేని కాల్షియాన్ని చాలావరకు వదిలేస్తుంది. ఆరు నెలల లోపు పిల్ల పేగుకు ఆ శక్తి ఇంకా రాదు. లోపలికి వెళ్లిన కాల్షియంలో పెద్ద వాటా ఒంట్లోకి చేరిపోతుంది. అది ఎక్కువైతే మృదులాస్థి సకాలంలో ఎముకగా మారదు. మందంగా, బలహీనంగా మిగిలి, కీళ్లలో పొరలుగా ఊడటం, ముంజేతి ఎముకలు వంగడం మొదలవుతుంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో 1980లలో గ్రేట్ డేన్ పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో ఇది స్పష్టంగా తేలింది. అమెరికా పశు దాణా ప్రమాణాల్లో కూడా, పెద్దయ్యాక సుమారు 32 కిలోలు దాటే జాతుల పిల్లల ఫీడ్‌లో కాల్షియం ఎండు పదార్థంలో (తేమ తీసేసి లెక్కేసిన బరువులో) 1.8 శాతం మించకూడదని ఉంది. అంటే మంచి కంపెనీ ఫీడ్‌లో లెక్క ముందే సరిచూసి పెట్టారు. మనం పైన పోసే ప్రతి చెంచా ఆ లెక్కను పాడుచేస్తుంది.

రెండో పిల్లది దీనికి ఎదురు కథ. ఎముక లేని చికెన్‌లో కాల్షియం కంటే భాస్వరం పదిహేను రెట్లో అంతకంటే ఎక్కువో ఉంటుంది. తెల్లన్నంలోనూ కాల్షియం అతి తక్కువ. ఇలా భాస్వరం ఎక్కువై కాల్షియం చాలనప్పుడు, రక్తంలో కాల్షియం పడిపోకుండా కాపాడటానికి శరీరం ఎముకల్లోంచే దాన్ని తీసుకుంటుంది. ఎముకలు పలచబడి, మంచం మీంచి దూకినా విరిగే స్థితికి వస్తాయి. ఇలాంటి పిల్లకి కాల్షియం అవసరమే. కానీ ఎంత అన్నది బరువును, తిండిని బట్టి డాక్టరు గారు చెప్పాలి.

ఎండలో కట్టేస్తే విటమిన్ డి వచ్చేస్తుందని మన ఊళ్లో చాలామంది నమ్మకం. మనిషికి అది నిజం. కుక్క చర్మం ఎండ వల్ల విటమిన్ డి దాదాపు తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. గుడ్డు పచ్చసొన, చేప అందుకు పనికొస్తాయి. భోగాపురం, పూసపాటిరేగ తీరం నుంచి వచ్చే కవళ్లు చవక. ఉడికించి ముళ్లు తీసి పెట్టవచ్చు. చోడి (రాగి) అంబలి గురించి కూడా అడిగారు. వంద గ్రాముల చోడి పిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, మంచి తిండే. అందులోని ఫైటేట్లనే పదార్థాలు కొంత కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి కాబట్టి, చికెన్ అన్నంలో ఉన్న లోటును అంబలి ఒక్కటే పూడుస్తుందని అనుకోవద్దు. కాడ్ లివర్ ఆయిల్ కూడా సొంతంగా పోయవద్దు. విటమిన్ డి ఎక్కువైనా ప్రమాదమే.

ఆ లాబ్రడార్‌కు సిరప్, పొడి ఆపించి, ఫీడ్‌ను తూచి పెట్టమన్నారు. దాసన్నపేట పిల్లకు డాక్టరు గారు తిండి మొత్తం మార్పించి, కొన్ని వారాలు ఒక గదిలోనే దూకకుండా ఉంచమన్నారు. రెండింటి నడకా మెరుగుపడింది. లాబ్రడార్ ఎడమ కాలిలో కొంచెం వంకర మాత్రం మిగిలిపోయింది. గ్రోత్ ప్లేట్ మూసుకునే వయసు దగ్గరపడిన కొద్దీ సరిదిద్దడం కష్టమవుతుంది కాబట్టి అనుమానం వచ్చిన వారంలోనే తీసుకురావాలని అందరికీ మనవి.

మందు అమ్మే చోట్ల, పిల్లలు అమ్మే చోట్ల కాల్షియం సీసా ఉచితంగా చేతిలో పెట్టే అలవాటు ఉంది. మంచి మనసుతోనే ఇస్తున్నారు. అయినా ఇంటికి తెచ్చిన సీసా మూత తీసేముందు పిల్ల ఏం తింటోందో ఎవరూ అడగడం లేదు. ఈ అలవాటు మారేదాకా మనం మాట్లాడుతూనే ఉండాలి.

బొద్దుతనం

బొద్దుగా ఉన్న పిల్లను చూసి మురిసిపోవడం మనందరికీ అలవాటు. కీళ్ల విషయంలో అది పెద్ద ముప్పు. అమెరికాలో 48 లాబ్రడార్లను జతలుగా తీసుకుని, ప్రతి జతలో ఒకదానికి రెండోదాని కంటే 25 శాతం తక్కువ తిండి పెట్టి జీవితాంతం గమనించారు. ఫలితాలు 2002లో వెలువడ్డాయి. తక్కువ తిన్నవాటిలో తుంటి కీలు సమస్యలు బాగా తగ్గాయి, కీళ్లవాతం ఆలస్యంగా వచ్చింది, మధ్యస్థ ఆయుష్షు 11.2 ఏళ్ల నుంచి 13 ఏళ్లకు పెరిగింది. ఏ మందూ ఇవ్వలేనిది తిండిగిన్నె ఇచ్చింది.

అందుకే ఈ ఏడాది ప్రతి సమావేశంలో వంటింటి త్రాసు పెట్టి ఫీడ్ తూచి చూపించాం. గ్లాసుతో కొలిచేవారికీ గ్రాములతో కొలిచేవారికీ ఎంత తేడా వస్తుందో సభ్యులు స్వయంగా చూశారు. పిల్ల పక్కటెముకలు చేత్తో తడిమితే తేలిగ్గా తగలాలి, పైనుంచి చూస్తే నడుము లోపలికి ఉండాలి. ఇది రెండు వారాలకోసారి చూసుకోమని చెబుతున్నాం. పెద్ద జాతి పిల్ల నెమ్మదిగా పెరిగినంత మాత్రాన చివరికి ఎత్తు తక్కువైపోదు. ఎత్తు తల్లిదండ్రుల నుంచి వస్తుంది.

నేల, మెట్లు, బండి

ఊళ్లో కొత్త ఇళ్లన్నిటికీ టైల్సో గ్రానైటో. నున్నటి నేల మీద పిల్ల కాళ్లు పక్కలకు జారిపోతాయి. రెండు మూడు వారాల వయసులో కొన్ని పిల్లలు అసలు లేవలేక, ఈత కొడుతున్నట్టు పొట్ట మీద పాకుతాయి. జారని నేల, కాళ్లకు రోజుకు కొన్నిసార్లు మర్దన, డాక్టరు చెబితే వెనక కాళ్లను కలిపి మెత్తగా కట్టడంతో చాలావరకు లేచి నడుస్తాయి. జూట్ మిల్లుల జిల్లా మనది, గోనెపట్టకు కొదవ లేదు. కార్యవర్గం సేకరించిన గోనెపట్టలు ఉతికి, పిల్లలున్న ఇళ్లకు పంచాం. పెద్ద ఖర్చు లేని ఈ పనికి వచ్చినంత మెప్పు ఇంకే పనికీ రాలేదు.

నార్వేలో నాలుగు పెద్ద జాతుల మీద జరిగి, 2012లో వెలువడిన అధ్యయనంలో, మూడు నెలల లోపు రోజూ మెట్లెక్కిన పిల్లలకు తుంటి కీలు జబ్బు ముప్పు ఎక్కువగా కనిపించింది. మెత్తటి నేల మీద స్వేచ్ఛగా తిరిగినవాటికి తక్కువ. కాబట్టి డాబా మీద కుక్కను పెంచే సభ్యులు మొదటి మూడు నెలలు పిల్లను ఎత్తుకునే దిగండి. పెద్ద చెరువు గట్టు మీద, పొలం గట్ల మీద దాని ఇష్టానికి వదలండి.

తెల్లవారుజామున రింగు రోడ్డులో స్కూటర్ పక్కన ఆరేడు నెలల రాట్‌వీలర్‌లను పరిగెత్తించడం ఇప్పటికీ కనిపిస్తోంది. ఎదుగుతున్న కీళ్ల మీద తారు రోడ్డు పరుగు ఎంత భారమో సభ్యులు వారిని ఆపి మర్యాదగా చెప్పాలి. ఏడాదిన్నర దాకా అది వద్దు.

కుంటు వస్తే

జర్మన్ షెపర్డ్ పిల్ల ఈ వారం ముందు కాలు, వచ్చే వారం వెనక కాలు కుంటుతుంటే, వయసు అయిదు నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఉంటే, పానోస్టియైటిస్ అనే ఎముక నొప్పి అయి ఉండవచ్చు. బాధ ఉంటుంది, తనంతట తగ్గుతుంది. కుందేలులా రెండు వెనక కాళ్లతో ఒకేసారి గెంతడం, లేవడానికి కష్టపడటం తుంటి కీలు వదులుకు గుర్తులు. పామరేనియన్ నడుస్తూ నడుస్తూ ఒక వెనక కాలు ఎత్తి, నాలుగడుగులు గెంతి మళ్లీ మామూలుగా నడిస్తే మోకాలి చిప్ప జారుతోందేమో చూపించాలి. జ్వరం, మణికట్టు పైన వాపు, నొప్పి కలిసి వస్తే ఆ రోజే తీసుకెళ్లాలి. రెండు మూడు నెలల పిల్లలకు మణికట్టు ముందుకు వంగినట్టు కనిపించే స్థితి మాత్రం సరైన తిండి, పట్టు ఉన్న నేల ఉంటే కొన్ని వారాల్లోనే సర్దుకుంటుంది.

కుంటుతోందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు వెయ్యకండి. కుక్క కడుపును, కాలేయాన్ని, మూత్రపిండాలను ఇవి దెబ్బతీస్తాయి. పైగా డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోవడంతో, దాన్ని పశువుల వైద్యానికి మన దేశంలో 2006లోనే నిషేధించారు.

తుంటి కీలు ఎలా ఉందో కంటితో చూసి చెప్పలేరు, ఎక్స్‌రే తీయాలి. గరివిడిలో పశువైద్య కళాశాల ఉండటం మన జిల్లాకు పెద్ద ఆసరా. అనుమానం ఉన్నవారు ఆలస్యం చెయ్యకుండా అక్కడి సలహా తీసుకోండి.

వచ్చే ఏడాదికి

తుంటి కీలు జబ్బులో వంశం పాత్ర పెద్దది. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితం వంశవృక్షం చెబుతుంది, కీళ్ల ఆరోగ్యానికి హామీ కాదు. పిల్లను కొనేవారు తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే అడగడం మొదలుపెట్టాలి. అడిగేవారు పెరిగితే చూపించేవారూ పెరుగుతారు. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదు. ఆ వయసు నిండని పిల్లను తల్లి నుంచి వేరుచేసి తెచ్చుకోవద్దని, తెచ్చుకునేవారికి చెప్పమని మనవి.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. కార్యవర్గం తరఫున మూడు తీర్మానాలు మీ ముందు పెడుతున్నాను. ఒకటి, వీధి నుంచి చేరదీసిన పిల్లల ఎక్స్‌రే ఖర్చుకు ప్రత్యేక నిధి. రెండు, పిల్ల వారం వారం బరువు, తిండి గ్రాములు రాసుకునే తెలుగు కార్డు అచ్చువేసి ప్రతి కొత్త సభ్యుడికీ ఇవ్వడం. మూడు, ఊళ్లో పిల్లలు అమ్మేవారందరినీ ఒక సమావేశానికి పిలిచి, కాల్షియం సీసా బదులు ఆ కార్డు చేతికివ్వమని కోరడం. చర్చించి, చేతులెత్తి ఆమోదం తెలపాలని కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి
విజయనగరం